తప్పులుంటే దిద్దగలరు

నేను బడికి వెళ్ళలేదు. ఎనిమిదో ఏట కీళ్ళజ్వరం వచ్చి, పోతూ పోతూ గుండెను కాస్త బలహీనం చేసి పోయింది. మెట్లు ఎక్కనివ్వద్దన్నారు డాక్టరుగారు. మా బడేమో మేడమీద. అంతే, నా చదువు వంటింటి గడప పక్కకి వచ్చేసింది. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని కూర్చునేవారు. అమ్మ పోపు వేస్తుంటే ఆ ఘాటుకి దగ్గుకుంటూనే పద్యాలు చదివేవాళ్ళం. ముందు పద్యాన్ని మాటలుగా విడగొట్టాలి. తరవాత ఏ మాట దేనికి చెందుతుందో చెప్పాలి. అర్థం ఆ తరవాతే. తొందరపడి అర్థంలోకి దూకితే ఒప్పుకునేవారు కారు. తెలియని మాట తగిలితే నా చూపుడువేలు పట్టుకుని దాని మీద పెట్టేవారు.

"వేలు తియ్యకు. అది నీతో మాట్లాడేదాకా కూర్చో."

ఒక్కోసారి అన్నం వేళ దాటిపోయేది. వేలు మాత్రం అక్కడే ఉండేది.

పుస్తకాలు కొనుక్కునేవాళ్ళం కాదు. ఎవరింట్లోనన్నా మంచి పుస్తకం ఉందంటే అడిగి తెచ్చి, నోటుపుస్తకంలో మొత్తం ఎత్తి రాసుకునేవారు నాన్నగారు. చివరి పుటలో సంవత్సరం, మాసం, తిథి, వారం వేసి, తన పేరు రాసి, కింద ఒక్క వాక్యం చేర్చేవారు: తప్పులుంటే దిద్దగలరు. ఎవరికి రాస్తున్నారు నాన్నగారూ, ఈ పుస్తకం మనింట్లోనే ఉంటుందిగా అని అడిగితే, "మన తరవాత ఎవరు చదువుతారో మనకేం తెలుసమ్మా" అనేవారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాదాపూర్‌లో ఒక గురువారం నాడు నా బతుకు ఈ రెండు అలవాట్ల మీద నిలబడింది.

తొంభైల చివర్లో నాన్నగారి ఆఖరి బదిలీ మీద హైదరాబాదు వచ్చి మదీనాగూడలో కాపురం పెట్టాం. అప్పటికి నేను ప్రైవేటుగా డిగ్రీ గట్టెక్కి, అమీర్‌పేటలో కొన్ని నెలలు కంప్యూటర్ భాష ఒకటి నేర్చుకున్నాను. మాదాపూర్‌లో కొత్త అద్దాల భవనం అప్పుడే లేచింది. దాని చుట్టూ ఇంకా బండలే. మా ఆఫీసు ఆ అద్దాల్లో కాదు. దానికి కొంచెం ఇవతల, ఒక ఇంటి కింది వాటాలో. మెట్లు లేని ఆఫీసు దొరకడం కూడా భగవంతుడి దయే అనుకుని చేరాను. పక్క స్థలంలో రోజూ బండలు పేల్చేవారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకసారి, నాలుగింటికి ఒకసారి. ముందు పొడుగ్గా ఈల వేసేవారు, మేం కిటికీలు మూసుకునేవాళ్ళం, తరవాత భూమి ఒక్కసారి ఉలిక్కిపడేది.

గ్రంథాలయాల్లో ఉన్న తెలుగు పుస్తకాల జాబితాని కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. మేం ఆరుగురు ఆడపిల్లలం కార్డులు చూసి టైపు చేసేవాళ్ళం. పుస్తకం పేరుకి ముందూ వెనకా ఒక గుర్తు, రాసినవారి పేరుకి ముందూ వెనకా ఇంకో గుర్తు పెట్టాలి. ఆ గుర్తులు చూసి ఏది పేరో, ఏది విషయమో విడగొట్టి చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్ని పార్సర్ అంటారు. ఆ మాట నాకు వివరించినప్పుడు నేను నవ్వాపుకోలేకపోయాను. మా వంటింటి గడప పక్కన మేం చేసిందీ అదే కదా!

వివరించినాయన మా ఆఫీసులో పెద్ద ప్రోగ్రామరు. లింగంపల్లి మనిషి, స్కూటరు మీద వచ్చేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. నేను టైపు చేస్తూ చేస్తూ, పక్కవాళ్ళ కాగితాల్లో కూడా మూయని గుర్తులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించేదాన్ని. అది ఆయన కంట్లో పడింది.

"నువ్వే ఒక పార్సర్ లెక్క ఉన్నవ్ చెల్లె. ఇగ మిషనెందుకు?" అన్నాడు.

మిషనే కావలసి వచ్చింది, ఎందుకంటే కార్డులు లక్షల్లో ఉన్నాయి. అంతకుముందు, మా ఆఫీసు నడిపే సారు ఒక విదేశీ కంపెనీ పార్సర్‌ని పరీక్షకి తెప్పించారు. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు చకచకా చదివింది. తెలుగు అక్షరం రాగానే నోరు మూసుకుంది. ఎందుకో చూద్దామంటే లోపలికి దారి లేదు. వండిన పదార్థం ఇస్తారుగాని ఏం వేసి వండారో చెప్పరు. ఉత్తరం రాస్తే, మీ అక్షరాలు మా జాబితాలో లేవని జవాబొచ్చింది.

అప్పుడు అన్న, ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇండ్ల ఒక పార్సర్ ఉన్నది. ఊరికే ఇచ్చిండ్రు. సోర్సంత ఉన్నది, మనమే బిల్డ్ చేస్కోవాలె. చదువుతవా?"

"సోర్సంటే, రాసింది రాసినట్టుగానా అన్నా?"

"ఆఁ. ఒక్క లైన్ గూడ దాచలే."

నేను మొదటి ఫైలు నుంచి మొదలుపెట్టాను, పుస్తకం చదవడం అలాగేగా నాకు తెలిసింది. ఆ మొదటిది లైసెన్సు. "దాన్నెవ్వరు చదవరు చెల్లె," అని అన్న నవ్వాడు. నేను చదివాను. కష్టమైన చట్టం ఇంగ్లీషు. వేలు పెట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పూటంతా చదివాను. అందులో ఉన్నది ఇది: దీన్ని ఏ పనికైనా వాడుకో. లోపల ఎలా ఉందో చూడు. పొరుగువాడికి కాపీ ఇవ్వు. నీకు కావలసినట్టు మార్చుకో. కాని నువ్వు ఎవరికిస్తావో వాళ్ళకీ ఇవే హక్కులు ఇవ్వు, నీ వెనక తలుపు మూసెయ్యకు. మారిస్తే మాత్రం, మార్చానని, ఫలానా తేదీన మార్చానని ఆ ఫైల్లోనే రాసి పెట్టు.

తేదీ వేసి రాసిపెట్టమనే చోటికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. ఎవరో, ఏ దేశంలోనో కూర్చుని, మా నాన్నగారు ఆఖరి పుటలో వేసే తిథి వారాల్ని చట్టంగా రాశారు! ఇచ్చేవాళ్ళు నువ్వెవరని అడగలేదు. ఏ బడిలో చదివావని అడగలేదు. నేను కుర్చీలోనే కూర్చుని చేతులు జోడించాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి చూసి, "ఏంటే, స్క్రీన్లో దేవుడు కనిపించాడా?" అంది. దాదాపు అలాగే ఉందన్నాను.

సారుది కడప వైపు. మంచివారే, కాని ఆయనకి ఏ పనికైనా గడువుండాలి. బుధవారం సాయంత్రం నన్నూ అన్ననీ పిలిచారు.

"చూడమ్మా, రేపు సాయంత్రం ఐదింటికి ఈ ఊరికే వచ్చిన పార్సరు తెలుగు కార్డు చదివితే సరి. ఇంక ఈ పని నీదే, నువ్వే చూసుకో. చదవలేదనుకో, ఆ కంపెనీవాళ్ళనే ఏదో ఒకటి చేసిమ్మని రాసేస్తా. నువ్వు మళ్ళీ టైపింగు గదిలోకి పోదువు. ఏమంటావ్?"

సరేనన్నాను. ఆ రాత్రి దీపం దగ్గర అమ్మవారికి ఒక్కటే చెప్పుకున్నాను. టైపింగు గది నాకు చిన్నతనం కాదు, తల్లీ. కాని తలుపు తీసి ఉన్న ఇల్లు ఒకసారి చూశాక, బయట నించోవడం కష్టం.

గురువారం పొద్దున్నే సీడీలోంచి కట్ట విప్పి బిల్డ్, అంటే ఆ సోర్సుని యంత్రం నడపగలిగే ప్రోగ్రాంగా వండడం, మొదలుపెట్టాం. ఆ దృశ్యం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ముందు ఆ ప్రోగ్రాం మా యంత్రాన్ని ప్రశ్నలు అడిగింది. వంటకి వచ్చిన పెద్దముత్తయిదువ కొత్త వంటింట్లో అడుగుతుందే, పొయ్యి ఉందా, వెలుగుతుందా, నీళ్ళెక్కడ అని, అచ్చం అలాగే. ఒక్కో ప్రశ్నకీ ఉంది, లేదు, ఉంది అని జవాబు తెర మీద పడుతూ వచ్చింది. ఏ ఊళ్ళో ఏ యంత్రం ఉంటుందో తెలియని ఒక మనిషి, ముందే ఇన్ని ప్రశ్నలు రాసి పంపాడన్నమాట. నా యంత్రం అతనికి తెలియదు, అయినా దానికోసం ఆలోచించాడు. తరవాత ఒక్కొక్క ఫైలూ పాకానికి వచ్చింది. పన్నెండున్నర ఈల, పేలుడు, కిటికీలు, అన్నీ అయ్యాక, పన్నెండూ యాభైకి లైబ్రరీ, అంటే ఆ ఫైళ్ళన్నీ కలిసి ఒక్కటైన పార్సర్, తయారైంది.

ఇంగ్లీషు కార్డు పెట్టాం. చదివింది. తెలుగు కార్డు పెట్టాం. మొదటి అక్షరం మీదే కుప్పకూలింది.

పెరుగన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా సోర్సులో వేలు పెట్టుకుని కూర్చున్నాను. కంప్యూటరుకి అక్షరాలంటే అంకెలేగా. ఇంగ్లీషువన్నీ నూట ఇరవై ఏడు లోపల సరిపోతాయి. మన తెలుగువి ఆపైన ఉండేవి. పార్సర్ రాసినాయనకి ఆపై అక్షరాలతో పని పడలేదు. అందుకని ఆయన వాడిన పద్ధతిలో, నూట ఇరవై ఏడు దాటిన అంకె సున్నాకి కిందకి పోతోంది. మా 'అ' సున్నాకి కింద, ఎక్కడో లేని గదిలోకి వెళ్ళి తలుపు తడుతోంది. ఆ వాక్యం దొరికింది. ఒక్క మాట చేరిస్తే చాలు, అంకెలు కిందకి పోకుండా పైనే నిలబడతాయి.

గడియారం చూశాను. ఒకటీ నలభై.

గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. మా ఇంట్లో ఆ గంటన్నరలో కొత్త పని మొదలుపెట్టరు. మిగతావన్నీ పొద్దున్న మొదలైనవే, కొనసాగింపే. కాని ఒకరు రాసిన దానిలో మొదటిసారి చెయ్యి పెట్టడం కొత్త పనే కదా. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

అన్న వచ్చి చూశాడు. "ఏందమ్మా, గిట్ల కూసున్నవ్?"

చెప్పాను.

"అయ్య! ఐదింటికి సారు గంట కొడ్తడు, నువ్వు మూడు దాక రాహువుతోని కూసుంటవా? జరుగు జర." కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. యంత్రం సమయం మార్చే పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉండేది. "ఇగో, మిషన్ల ఇప్పుడు పదీ పది. రాహువు ఇంక ఇంట్ల పండుకున్నడు. పరేషాన్ గాకు, చెయ్."

"తప్పు కదన్నా?"

"తప్పైతే నాకు రాసుకో. రాహువు గూడ మిషన్ల టైమే చూస్తడు, నాకు తెల్వదా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒప్పుకున్నాను. తప్పు అక్కడ జరిగింది. ఆయన ఎగతాళికి చేసింది, నేను నిజంగా వాడుకున్నాను.

ఆ ఒక్క మాటా చేర్చి, ఫైలు భద్రం చేసి, మళ్ళీ బిల్డ్ చేశాను. తెలుగు కార్డు పెట్టాను. కూలింది.

ఇంకో చోట కూడా చేర్చాను. కూలింది. చేర్చింది తీసేసి ఇంకోలా రాశాను. అదే చోట, అదే తీరున కూలింది. రెండున్నరైంది, మూడైంది, మూడున్నరైంది. పెరుగన్నం డబ్బా అలాగే ఉంది. ఆ మధ్యలో అన్న బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది, ఆయన వేరే పనిలో ఇరుక్కున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు. నేను చేర్చిన మాట సరైనదేనని నాకు ఎంత గట్టిగా తెలుసో, అది పని చెయ్యడం లేదని తెర అంత గట్టిగా చెబుతోంది. ఇంటిచదువు ఇంటికే సరిపోతుందేమో అని మొదటిసారి అనిపించింది.

అప్పుడు గమనించాను, నా చేతులు కీబోర్డు మీద పరిగెడుతున్నాయి. నేను చదవడం మానేసి చాలాసేపైంది. ప్రతిసారీ బిల్డ్ చెయ్యగానే తెర మీద రెండు వరసలు వస్తున్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఏదో అనుకుని దాటేశాను. ఆ తరవాత చూడనైనా చూడలేదు. మా నాన్నగారి కూతుర్నై ఉండి!

వేలు ఎత్తి తెర మీద మొదటి వరస మీద పెట్టాను. గాజు వెచ్చగా ఉంది. నిదానంగా కూడబలుక్కున్నాను. ఈ ఫైలు తయారైన సమయం భవిష్యత్తులో ఉంది, అని రాసి ఉంది. రెండో వరస: లైబ్రరీ తాజాగానే ఉంది, చెయ్యవలసిందేమీ లేదు.

భవిష్యత్తులో. పొద్దున్న నా కళ్ళ ముందు తయారైన వస్తువు ఇంకా రాని కాలానిదా? వేలు తియ్యలేదు. అది మాట్లాడేదాకా కూర్చున్నాను.

బయట పొడుగ్గా ఈల వినిపించింది. నాలుగింటి ఈల. ఎవరో కిటికీలు మూస్తున్నారు. నా కళ్ళు తెర మూలకి వెళ్ళాయి. అక్కడ పన్నెండున్నర.

భూమి ఉలిక్కిపడింది. నేనూ ఉలిక్కిపడ్డాను.

బిల్డ్ చేసే ప్రోగ్రాముకి వంట రాదు, వేళలు మాత్రం తెలుసు. కూరగాయలు తరిగింది ఎప్పుడు, కూర దించింది ఎప్పుడు అని చూస్తుంది. తరిగింది తరవాతైతే మళ్ళీ వండుతుంది. దించింది తరవాతైతే, తాజాదేగా అని చేతులు దులుపుకుంటుంది. లైబ్రరీ పన్నెండూ యాభైకి దిగింది. నేను దిద్దిన ఫైలు మీద పదీ ఇరవై, పదకొండు, పన్నెండు అని పడింది. అంటే, నేను దిద్దినవి ఒక్కటీ పొయ్యి మీదకే ఎక్కలేదు. రెండు గంటలకి పైగా నేను పొద్దుటి కూరనే మళ్ళీ మళ్ళీ రుచి చూసి ఏడ్చాను.

"అన్నా! గడియారం!" అని అరిచాను. ఆ ఆఫీసులో నేను అరవడం అదే మొదలు, అదే ఆఖరు.

అన్న పరిగెత్తుకొచ్చి, చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరెరె! నీ రాహువును పండబెట్టబోయి నేను మిషన్‌ని పండబెట్టిన." గబగబా సమయం సరిచేశాడు. తెర మూలన నాలుగూ ఏడు అని పడింది. మనసులోనే దణ్ణం పెట్టుకుని, తప్పు ఒప్పుకుని, మొదటి దిద్దుబాటునే మళ్ళీ చేశాను, ఆ ఒక్క మాటనే. ఈసారి యంత్రం కదిలింది. వరసలు ఒక్కొక్కటే పైకి జరిగాయి. పదిహేను నిమిషాలు పట్టింది.

తెలుగు కార్డు పెట్టాను. పుస్తకం పేరు ఒక వరసలో, రాసినవారి పేరు ఇంకో వరసలో, విషయం మూడో వరసలో నిలబడ్డాయి. వేల మైళ్ళ అవతల, తెలుగనేది ఒకటుందని కూడా తెలియని మనిషి రాసిన ప్రోగ్రాం, మన అక్షరాన్ని పట్టుకుని ఏది దేనికి చెందుతుందో చెప్పింది. గుళ్ళో హారతి పైకెత్తినప్పుడు ఒక క్షణం మాట ఆగుతుంది చూడండి, అలా ఆగింది నాకు.

ఐదింటికి సారు వచ్చారు. పది కార్డులు తనే ఏరి ఇచ్చారు. పదీ చదివింది.

"సరే, ఇంక నీదే పనమ్మా," అన్నారు. "ఇంత సేపెందుకు పట్టిందబ్బా?"

దాచలేకపోయాను, ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సారు ముఖం గంభీరంగా పెట్టి విన్నారు.

"రాహుకాలమా? ముందే చెప్పింటే గడువు ఆరున్నరకి పెట్టింటి కదమ్మా! మూడు దాకా ఆగకుండా ఆ గడియారంతో ఏం పని మీకు?"

ఇంట్లో నాన్నగారూ దాదాపు అదే అన్నారు. ఆయన ముందు చాలాసేపు నవ్వారు, తరవాత నవ్వు ఆపి అన్నారు. "ఆగాలనుకుంటే ఆగు. ఆగలేకపోతే స్వామికి దణ్ణం పెట్టి మొదలుపెట్టు, ఆయనకి పని తొందర తెలియదా? గడియారం చేత మాత్రం అబద్ధం చెప్పించకూడదమ్మా."

మర్నాడు పొద్దున్న ఆ ఫైలు తెరిచి, లైసెన్సు అడిగినట్టు, పైన నా పేరు, ఏం మార్చానో, తేదీ రాశాను. నిజమైన తేదీ. రాశాక చెయ్యి ఊరుకోలేదు. కింద, ఇంగ్లీషు అక్షరాల్లోనే, నాన్నగారి వాక్యం కూడా చేర్చాను: తప్పులుంటే దిద్దగలరు. ఆ మార్పుని అన్న ఆఫీసు ఈమెయిల్లో, పార్సర్ రాసినాయనకి పంపాడు. రెండు రోజులకి రెండు ముక్కల జవాబు వచ్చింది. థాంక్స్, చేర్చుకుంటాను, అని. దాన్ని ప్రింటు తీసి దేవుడి పటం వెనక పెట్టాను.

కొన్ని నెలల తరవాత, ఇంకో పత్రిక సీడీలో ఆ పార్సర్ కొత్త కూర్పు వచ్చింది. విప్పి బిల్డ్ చెయ్యవలసింది ఇప్పుడు నేనే. మొదటి ఫైలు నుంచీ చదువుకుంటూ నేను దిద్దిన చోటికి వచ్చాను. నా పేరు ఉంది, తేదీ ఉంది, ఆ వాక్యం ఉంది. రాసినాయనకి ఒక్క అక్షరం అర్థమై ఉండదు, అయినా తీసెయ్యలేదు.

దాని కింద ఇంకో పేరు, ఇంకో తేదీ ఉన్నాయి. నేను పలకలేని పేరు, ఏ దేశమో తెలియదు. పక్కనే ఏం మార్చారో రాసి ఉంది. నేను దిద్దిన దానికి రెండు వరసల కింద అదే తప్పు ఇంకోటి ఉంది, నా కంట్లో పడలేదు. వాళ్ళ అక్షరాలు కూడా మన వాటిలాగే పైన ఎక్కడో ఉంటాయి కాబోలు, అక్కడ కూలి ఉంటుంది. దిద్దారు.

ఆ వాక్యానికి అర్థమేమిటో వాళ్ళకి తెలిసే వీలే లేదు. నేను వాళ్ళ పేరున్న వరస మీద వేలు పెట్టి, నాలుగింటి ఈల వినిపించేదాకా, తియ్యకుండా కూర్చున్నాను.